ఆకుల కేకు, కొత్త దీపం

మా ఇంటికి వచ్చినవాళ్ళు చిగురును చూసి మొదట అడిగే మాట ఒకటే: "ఉడుముని పెంచుతున్నారా?" ఉడుము కాదండీ, గ్రీన్ ఇగ్వానా. ఉడుము మన అడవుల జీవి. పురుగులు, గుడ్లు, మాంసం తింటుంది. చట్టప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. చిగురు జాతి మధ్య అమెరికాలో, దక్షిణ అమెరికాలో ఏటి ఒడ్డు చెట్ల కొమ్మల మీద బతుకుతుంది. ఆకులే దాని తిండి. తోకతో కలిపి నాలుగున్నర అడుగులుంటుంది. భుజం మీదికి ఎక్కితే చొక్కాని పట్టుకునే పట్టు మాత్రం ఉడుము పట్టే.

దాని మొదటి పుట్టినరోజుని మేం మనుషుల పుట్టినరోజులాగే చేశాం. సాయంత్రం ఏడింటికి ఎనిమిది మంది పిల్లలు వచ్చారు. గోడలకి బెలూన్లు కట్టాం, బల్ల మీద క్రీము కేకు పెట్టాం, స్పీకర్లో పాట వేశాం. కాసేపటికే చిగురు ఒళ్ళు నల్లబడింది. గొంతు కింది తిత్తి కిందికి వేలాడేసి, తోక ఒక్కసారి విదిలించి మా అబ్బాయి భుజం మీంచి కర్టెన్ మీదికి దూకింది. ఒక బెలూన్ పేలి ఎర్రటి రబ్బరు ముక్క నేల మీద పడితే, కిందికి దిగి దాన్ని నోట కరుచుకుంది. మింగేలోపు ఎలాగో తీసేశాను. ఆ తర్వాత రెండు రోజులు అది ఒక్క ఆకు కూడా ముట్టలేదు. ఆ రెండు రోజుల్లో నాకు ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. పుట్టినరోజన్నది దానికి తెలియదు. తెలిసింది మనకి. కాబట్టి ఆ రోజు దాని మామూలు రోజుకన్నా ఇంకాస్త మంచిగా గడవాలి తప్ప, వింతగా గడవకూడదు.

అప్పటినుంచి మేం పాటిస్తున్న పద్ధతి ఇది. ఇగ్వానా కోసమే రాస్తున్నాను. బల్లి జాతివి, తాబేళ్ళు పెంచేవాళ్ళకి ఇందులో చాలావరకు పనికొస్తుంది, కానీ తిండి సంగతి మాత్రం ఏ జీవికి ఆ జీవిదే.

మొదటి పని: తేదీ

చిగురు ఎప్పుడు గుడ్డులోంచి బయటికొచ్చిందో మాకు తెలియదు. దాన్ని పెంచిన కుటుంబం విదేశానికి వెళ్ళిపోతూ మాకిచ్చింది. అది మా గడప దాటిన రోజు సెప్టెంబరులో ఒక ఆదివారం. ఆ తేదీనే పుట్టినరోజనుకున్నాం. ఇలా అనుకోవడంలో తప్పేమీ లేదు. అట్లాంటిక్ మహాసముద్రంలోని సెయింట్ హెలినా ద్వీపంలో జొనాథన్ అనే పెద్ద తాబేలుకి 2022 డిసెంబరులో 190వ పుట్టినరోజు చేశారు. అది ఎప్పుడు పుట్టిందో రాసిపెట్టినవాళ్ళెవరూ లేరు. 1882లో ఆ ద్వీపానికి వచ్చేనాటికే పూర్తిగా ఎదిగి ఉంది కాబట్టి 1832 ప్రాంతంలో పుట్టి ఉంటుందని లెక్కగట్టారు. డిసెంబరు 4ని పుట్టినరోజుగా ఖరారు చేసింది అక్కడి గవర్నరు. ఆ రోజు దాని ముందు పెట్టిన కేకులో క్యారెట్, లెట్యూస్, కీర, ఆపిల్, పియర్ పండ్లు ఉన్నాయి. పిండి లేదు, పంచదార లేదు. ప్రపంచంలోకెల్లా పెద్దవయసు తాబేలుకి వేడుక చేసినవాళ్ళు దాని కడుపుని మరిచిపోలేదు. నాకు ఆకుల కేకు ఆలోచన ఇచ్చింది ఆ వేడుకే.

తేదీ మన చేతిలో ఉంటే జీవికి అనువైన కాలం చూసుకోండి. హైదరాబాదులో మే నెల ఎండకి ఇగ్వానాకైనా వడదెబ్బ తగులుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు దానికి బాగా చల్లన. దీపావళి దరిదాపుల్లో బాణసంచా చప్పుడు. మగవాటికి జతకట్టే కాలంలో కోపం ఎక్కువ, ఆ వారాల్లో చుట్టాల్ని పిలవకూడదు. వానలు వెనకబట్టే సెప్టెంబరు మాకు బాగా కుదిరింది. పెరట్లో ఆకు దట్టంగా ఉంటుంది, మధ్యమధ్య మంచి ఎండ కూడా కాస్తుంది.

రెండో పని: రెండు వారాల ముందు

పుట్టినరోజుని మేం ఏడాదికోసారి లెక్క చూసుకునే రోజుగా పెట్టుకున్నాం. అందుకే పండగ పనులు రెండు వారాల ముందే మొదలవుతాయి.

మొదటిది కాగితాలు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో, అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న విదేశీ జాతుల్ని పెంచేవాళ్ళు వాటిని నమోదు చేయించడం తప్పనిసరి అయింది. ఇగ్వానా ఆ జాబితాలో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. కొత్తగా తెచ్చుకున్నా, ఇంకొకరికి ఇచ్చినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. మా చిగురు నమోదు పత్రాన్ని ఏటా ఈ వారంలో ఓసారి బయటికి తీసి చూసుకుంటాం. ఇక రామచిలుక, నక్షత్ర తాబేలు, ఉడుము లాంటి మన నేల జీవులు ఇంట్లో ఉంటే వాటికి చేయగలిగిన మంచిపని వేడుక కాదు, అటవీశాఖకి అప్పగించడం.

రెండోది డాక్టరు. సరీసృపాల్ని చూసిన అనుభవమున్న పశువైద్యుడి దగ్గరికే తీసుకెళ్ళాలి. బరువు, దవడ గట్టిదనం, కాళ్ళలో వాపు, నోటి లోపలి రంగు, పెంటలో పురుగులు, ఇవన్నీ చూస్తారు. ఇంట్లో పెరిగే ఇగ్వానాల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది ఎముకల జబ్బు. క్యాల్షియం చాలక దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వాస్తాయి, వణుకు వస్తుంది. పైకి కనబడేటప్పటికే లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఏడాదికోసారి చూపించడం అందుకే.

మూడోది కొత్త తిండి పరీక్ష. కేకులో ఇంతకు ముందెప్పుడూ తినని ఆకో, పండో వేయాలనుకుంటే ఈ రెండు వారాల్లోనే ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా పెట్టి చూడాలి. ఒకటి పెట్టాక మూడు నాలుగు రోజులు పెంట ఎలా ఉందో గమనించి, తర్వాతే రెండోది. ఇగ్వానా పేగుల్లో ఆకుని పులియబెట్టి అరిగించే సూక్ష్మజీవులుంటాయి. ఒక్కరోజులో అయిదు కొత్త పదార్థాలు వచ్చిపడితే వాటి సమతూకం చెడిపోయి కడుపు పాడవుతుంది.

నాలుగోది ట్యూబులైటు. ఇదే అసలైన పుట్టినరోజు కానుక. ఇగ్వానా గూట్లో వేడి దీపంతోపాటు అతినీలలోహిత కిరణాలనిచ్చే ట్యూబు కూడా ఉంటుంది. యూవీబీ ట్యూబు అంటారు. దాని కిరణాలు చర్మం మీద పడితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. డి3 ఉంటేనే తిన్న క్యాల్షియం ఒంటబడుతుంది. ఆ ట్యూబుతో ఒక చిక్కుంది. కంటికి కనిపించే వెలుగు అలాగే ఉంటుంది, లోపల కిరణాలు మాత్రం నెలనెలా తగ్గిపోతుంటాయి. అది వెలుగుతూనే ఉంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. తయారీదారు చెప్పిన గడువుని బట్టి ఆరు నెలలకో, ఏడాదికో తప్పకుండా మార్చాలి. మాది ఏడాది గడువు ట్యూబు కాబట్టి తేదీ మరిచిపోకుండా పుట్టినరోజుకి ముడిపెట్టుకున్నాం. ఆర్డరు పెట్టడం రెండు వారాల ముందే.

మూడో పని: ముందు రోజు

మా అత్తయ్య మొదటి ఏడాది అడిగింది: "పుట్టినరోజంటే తలంటు పోయాలి కదమ్మా, దీనికి లేదా?" ఉంది, కాకపోతే నూనె, నలుగు, కుంకుడు రసం ఏవీ ఉండవు. సబ్బు కూడా వద్దు. దానికోసమే విడిగా పెట్టిన ప్లాస్టిక్ టబ్బులో 30 డిగ్రీల దగ్గర గోరువెచ్చటి నీళ్ళు దాని భుజం ఎత్తుకి మించకుండా పోస్తాం. పావుగంట, ఇరవై నిమిషాలు అందులో ఉంచుతాం. ఎవరో ఒకరు పక్కనే కూర్చోవాలి. నీళ్ళు తాగుతుంది, చాలాసార్లు అందులోనే పెంట వేస్తుంది. ఆ నీళ్ళు వంటింటి సింకులో పోయకూడదు. టబ్బుని వేరుగా కడిగి ఎండలో బోర్లిస్తాం.

ఆ సమయంలో కుబుసం విడుస్తుంటే పొరలు ముక్కలు ముక్కలుగా వేలాడుతుంటాయి. ఫొటోలో బాగుండాలని వాటిని చేత్తో లాగకూడదు. కింద చర్మం ఇంకా తయారై ఉండదు, గాయమవుతుంది. తోక చివర, వేళ్ళ చుట్టూ పాత పొర ఉంగరంలా బిగుసుకుపోయి ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి, రక్తం ఆడక ఆ భాగం చచ్చుబడిపోతుంది. పుట్టినరోజుకి కొత్త బట్టలు అది తనంతట తానే తొడుక్కుంటుంది. టోపీలు, గౌన్లు, మెడలో రిబ్బన్లు దానికి అక్కర్లేదు. వీపు మీది ముళ్ళ వరుసకి దారం చుట్టుకుంటే విరిగిపోతాయి.

అదే సాయంత్రం గది సిద్ధం చేస్తాం. బెలూన్లు, మెరుపు కాగితాలు, చెమ్కీలు, రిబ్బన్లు, ప్లాస్టిక్ పూలు ఉండవు. ఇగ్వానా కళ్ళకి ఎరుపు, పసుపు, నారింజ రంగులు ఇట్టే ఆనతాయి. పండో, పువ్వో అనుకుని నోట్లో వేసుకుంటుంది. మింగిన రబ్బరు పేగుకి అడ్డం పడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. పార్టీల్లో చల్లే నురగ స్ప్రే, అగరొత్తులు, సెంటు కొవ్వొత్తులు, రూమ్ ఫ్రెష్‌నర్ ఏవీ ఆ గదిలోకి రాకూడదు. గుమ్మానికి తోరణం కడితే దానికి అందనంత ఎత్తులో కట్టాలి. పూజకి తెచ్చిన గన్నేరు పూలు ఇంట్లో ఉంటే వేరే గదిలో పెట్టి తలుపు వెయ్యాలి. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే.

నాలుగో పని: ఆకుల కేకు

కేకు పరిమాణం ఎంతన్నదానికి కొలత ఒకటే. అది మామూలుగా ఒక పూట తినేంత. పుట్టినరోజు కదా అని రెట్టింపు చెయ్యకండి. కింది కొలతలు చిగురంత జీవికి సరిపోతాయి.

కావలసినవి:
లేత మునగాకు, ఈనెలు తీసి దూసినది: రెండు గుప్పిళ్ళు
మల్బరీ ఆకులు: ఎనిమిది
మందార ఆకులు: ఆరు
మందార పూలు: మూడు
తీపి గుమ్మడి తురుము: మూడు చెంచాలు
బీన్స్: నాలుగు
బొప్పాయి పండు ముక్కలు: ఒక చెంచా
క్యాల్షియం పొడి: డాక్టరు చెప్పినంత
అచ్చుకి ఒక చిన్న స్టీలు గిన్నె

ఈ జాబితాలో ఒక్కోదానికి ఒక్కో కారణముంది. ఇగ్వానా తినే తిండిలో భాస్వరం ఒక పాలు ఉంటే క్యాల్షియం రెండు పాళ్ళు ఉండాలన్నది లెక్క. మునగాకులో క్యాల్షియం మెండు, అందుకే అది కేకుకి పునాది. పట్టుపురుగులకి వేసే మల్బరీ ఆకుని ఇగ్వానాలు ఇష్టంగా తింటాయి. మందార పువ్వంటే చిగురుకి ప్రాణం, గది అవతలి నుంచి చూసి కూడా దిగొస్తుంది. గుమ్మడి తురుము మిగతావాటిని పట్టి ఉంచే బంక. బొప్పాయి తీపి కోసం కొంచెమే, పండు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. ఇది తీపితో బతికే జీవి కాదు, ఆకుతో బతికే జీవి.

పూలు, ఆకులు ఇంటి చెట్టువే కావాలి. మార్కెట్ పూల మీద మందు చల్లి ఉంటుంది. మాకు కుండీల్లో రెండు మందారాలు, గోడ పక్కన ఒక మునగ ఉన్నాయి. మల్బరీ కొమ్మ ఒక నర్సరీ నుంచి తెచ్చి నాటుకున్నాం. మునగకి గొంగళి పురుగు పడితే ఆ నెల ఆకు కొయ్యడం మానేస్తాం తప్ప మందు కొట్టం.

కేకులో వెయ్యకూడనివి కూడా చెప్పాలి. పాలకూర, చుక్కకూరల్లో ఉండే ఆక్సాలిక్ ఆమ్లం క్యాల్షియాన్ని పట్టేసుకుని ఒంటబట్టనివ్వదు. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో, చాక్లెట్ హాని చేస్తాయి. చేమాకు, టమాటా ఆకు వద్దు. పాలు, పెరుగు, క్రీము, మైదా దానికి అరగవు. గుడ్డు, మాంసం, కుక్కలకి పెట్టే బిళ్ళలు పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎంత ఆబగా తిన్నా పెట్టకూడదు. ఐస్‌బర్గ్ లెట్యూస్ విషం కాదు, కానీ అందులో నీళ్ళు తప్ప పెద్దగా బలం లేదు.

తయారు చేసే విధానం:

ముందు చేతులు కడుక్కోండి. చిగురు తిండికి మా ఇంట్లో కత్తి, చెక్క, గిన్నె వేరే ఉన్నాయి. అవి వంటింటి సామాన్లతో కలవవు.

ఆకులు, పూలు రెండు మూడు నీళ్ళు కడిగి గుడ్డ మీద ఆరబెట్టండి. గుమ్మడి తురుముని ఆవిరి మీద రెండు నిమిషాలు మెత్తబరిచి పూర్తిగా చల్లారనివ్వండి. ఉప్పు వెయ్యొద్దు. అందులో బొప్పాయి సగం కలిపి వేళ్ళతో మెదపండి. బంక తయారైంది. జెలటిన్, పిండి, తేనె ఏవీ అక్కర్లేదు.

నాలుగు మల్బరీ ఆకులు, మందార ఆకులు సన్నగా తరగండి. ముక్క మన చిటికెన వేలి గోరంత ఉంటే చాలు. ఇగ్వానా నమలదు. చిన్న రంపపు పళ్ళతో కొరికి అలాగే మింగేస్తుంది. పెద్ద ముక్కలు ఉంటే తలాడించి చింపుకోబోతుంది, కేకంతా చెదిరిపోతుంది. బీన్స్‌ని కూడా సన్నటి చక్రాలుగా కొయ్యండి. మునగాకుని తరగక్కర్లేదు, కాస్త నలిపితే చాలు.

మిగిలిన నాలుగు మల్బరీ ఆకుల్ని నున్నటి వైపు గిన్నెకి ఆనేలా పరవండి. ఆకు అంచులు గిన్నె బయటికి రావాలి. లోపల మొదట సగం మునగాకు వేసి వేళ్ళతో అదమండి. దాని మీద గుమ్మడి పలచగా రాయండి. పైన తరిగిన ఆకుల మిశ్రమం, బీన్స్. మళ్ళీ గుమ్మడి. ఆఖరున మిగిలిన మునగాకు. క్యాల్షియం పొడిని ఒకేచోట కుమ్మరించకుండా వరస వరసకీ చిటికెడు చల్లుతూ రండి. ఒకచోటే పడితే ఆ ముక్క పక్కకి నెట్టేస్తుంది. బయటికొచ్చిన ఆకు అంచుల్ని లోపలికి మడిచి, చిన్న మూత పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. పది నిమిషాలు అలాగే వదిలెయ్యండి.

వెడల్పాటి పళ్ళెంలో గిన్నె బోర్లించి మెల్లగా ఎత్తితే చిన్న ఆకుపచ్చ గుట్ట నిలబడుతుంది. పైన ఒక మందార పువ్వు, చుట్టూ మిగతా రెండు పూల రేకులు, మిగిలిన బొప్పాయి ముక్కలు. కొవ్వొత్తి లేదు. పువ్వు నిలవడానికి టూత్‌పిక్ గుచ్చకండి, పువ్వుతోపాటు దాన్నీ మింగుతుంది.

అయిదో పని: ఏ వేళకి పెట్టాలి

కేకు పొద్దున చేస్తాం, పొద్దునే పెడతాం. మొదటి ఏడాది మేం చేసిన పెద్ద తప్పు సాయంత్రం ఏడింటి వేడుక. ఇగ్వానా ఒంట్లో వేడి దానంతట అది పుట్టదు, బయటినుంచి తెచ్చుకోవాలి. వేడి లేకపోతే తిన్నది అరగదు. దీపం కింద దానికి 35 నుంచి 38 డిగ్రీలుండే చోటు ఒకటి కావాలి, గూట్లో మిగతా చోట 26 నుంచి 32. తిన్నాక చాలా గంటలు ఆ వెచ్చదనంలో ఉండాలి. రాత్రి పొద్దుపోయాక తింటే అరగని ఆకు కడుపులో కుళ్ళి ఉబ్బరం వస్తుంది.

అందుకని ఆ రోజు మా వరస ఇలా ఉంటుంది. ఆరున్నరకి మా అబ్బాయి స్టూలెక్కి పాత యూవీబీ ట్యూబు తీసి కొత్తది బిగిస్తాడు. స్విచ్ తీశాకే ట్యూబు ముట్టుకోవాలని నేను పక్కన నిలబడతాను. ట్యూబుకీ అది పడుకునే కొమ్మకీ మధ్య దూరం డబ్బా మీద రాసినంత ఉందో లేదో టేపుతో కొలుస్తాం. మధ్యలో అద్దం ఉండకూడదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. కిటికీ అద్దంలోంచి పడే ఎండ కూడా అందుకే ఎముకలకి పనికిరాదు. ఏడింటికి అత్తయ్య స్విచ్ వేస్తుంది. పుట్టినరోజున దీపం వెలిగించడం మన ఇళ్ళలో ఉన్నదే. ఇక్కడ వెలిగించేది దానికి ఏడాది పొడుగునా ఎముక బలం ఇచ్చే దీపం.

చిగురు కొమ్మ మీదికి పాకి ఒళ్ళు పలచగా పరిచి రెండు గంటలు వెచ్చబడుతుంది. ముదురు రంగు మెల్లగా విడిపోయి ఆకుపచ్చ తేలుతుంది. అప్పుడు, తొమ్మిదింటికి, కేకు. ఫ్రిజ్ లోంచి తీసింది అప్పటికప్పుడు పెట్టకూడదు. వాషింగ్టన్ జూలో పాండాలకి పళ్ళరసాలు గడ్డకట్టించి మంచు కేకు చేస్తారు. చలి కొండల్లో పుట్టిన ఒత్తయిన బొచ్చు జీవికి అది సరదా. ఆ ఫొటో చూసి మనం ఇగ్వానాకి మంచు కేకు పెడితే కడుపు చల్లబడి తిండి అరగకుండా పోతుంది. కేకు ఎప్పుడూ గది వేడిలోనే ఉండాలి.

పళ్ళేన్ని రోజూ తిండి పెట్టే చోటే పెట్టండి. ఫొటో బాగా రావాలని హాల్లో బల్ల మీద పెడితే, కొత్త చోట అది తినదు. చిగురు మొదట నాలుక చాచి పువ్వుని తాకుతుంది. చుట్టూ ఒకసారి చూస్తుంది. ఆ తర్వాత పువ్వు మాయం. గుట్ట ఒక పక్క నుంచి తగ్గుతూ వస్తుంది. మధ్యలో ముక్కులోంచి చిన్న తుంపర చిమ్ముతుంది. జలుబు అని కంగారు పడొద్దు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అది అలా బయటికి పంపేస్తుంది. మధ్యాహ్నానికి మిగిలిన ఆకు తీసి పారేస్తాం.

ఆరో పని: చుట్టాలు

ఇప్పుడు ముగ్గురు పిల్లల్నే పిలుస్తాం, అదీ పదకొండింటికి, అది తిని ఎండకాగుతున్న వేళ. వచ్చేముందే తల్లిదండ్రులకి మూడు సంగతులు చెబుతాం.

ఒకటి, సాల్మొనెల్లా. సరీసృపాల ఒంటి మీద, పెంటలో ఈ సూక్ష్మజీవి ఉండొచ్చు. జీవి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది, మనిషికి మాత్రం వాంతులు, విరేచనాలు, జ్వరం తెస్తుంది. అయిదేళ్ళలోపు పిల్లలు, పెద్ద వయసువాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు దాన్నీ దాని సామాన్లనీ ముట్టుకోకుండా ఉండడం మంచిది. అందుకే అత్తయ్య స్విచ్ వేసి, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తుంది. ముట్టుకున్న ప్రతివాళ్ళూ వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముద్దులు పెట్టకూడదు. పిల్లల ఫలహారం వేరే గదిలో, చేతులు కడిగాకే.

రెండు, దాని భాష. గొంతు తిత్తి వేలాడేసి ఒళ్ళు పక్కకి అప్పడంలా చేసిందంటే, తల పదేపదే ఊపిందంటే, తోక చివర ఆడిస్తోందంటే, రంగు ముదిరిందంటే, చాలు, దూరంగా ఉండండి అని చెబుతోంది. ముట్టుకున్నప్పుడు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంటే చాలామంది హాయిగా ఉంది కాబోలు అనుకుంటారు. చాలాసార్లు అది సహించుకోవడం. చెయ్యి తీసేస్తే కళ్ళు తెరుస్తుంది.

మూడు, తోక పట్టుకోకూడదు. భయపడితే తోక తెంపుకుని పారిపోతుంది. మళ్ళీ మొలిచేది మొదటిదంత అందంగా ఉండదు, ఆ ఏడాది దాని బలమంతా దానికే పోతుంది.

పిల్లలు నేల మీద కూర్చుని అరగంట చూస్తారు. ఎవరూ పాట పాడరు. ఫొటో కిటికీ వెలుగులోనే, ఫ్లాష్ లేకుండా. ఆ ఫొటోని నలుగురికీ పంపే ముందు నేను ఒక్క వాక్యం జత చేస్తాను: ఇది అయిదారు అడుగులు పెరుగుతుంది, పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది, గది అంత గూడు కావాలి. ముద్దుగా ఉందని అరచెయ్యంత పిల్లని కొని, పెరిగాక ఎక్కడ వదలాలో తెలియక తిప్పలు పడేవాళ్ళని చూశాను. చెరువు గట్టున వదిలేస్తే అది ఆ జీవికీ మంచిది కాదు, మన నేలకీ మంచిది కాదు. మా ఫొటో చూసి ఇంకొకరు ఆలోచించకుండా కొంటే ఆ పాపంలో మాకూ పాలుంటుంది.

వెళ్ళేటప్పుడు పిల్లలకి తిరుగు కానుకగా మందార కొమ్మలు ఇస్తాం. జానెడు కొమ్మ, తడి గుడ్డలో చుట్టి. పోయినేడు ఇచ్చిన వాటిలో రెండు నాటుకుని పూశాయి. వాన తెరిపి లేని వారం మా చెట్టు పూయకపోతే ఆ ఇళ్ళ నుంచి పువ్వు వస్తోంది.

ఆఖరి పని: రాత్రి

సాయంత్రం ఏడింటికి టైమరు దీపాల్ని ఆర్పేస్తుంది. చిగురుకి పన్నెండు గంటల పగలు, పన్నెండు గంటల చీకటి ఉండాలి. పుట్టినరోజు కదా అని ఆ రాత్రి లైట్లు వేసి ఉంచం. గూట్లో 24 డిగ్రీలకి తగ్గకుండా వెలుగు లేని పింగాణీ హీటరు చూసుకుంటుంది. మర్నాడు పెంట మామూలుగా ఉందా, తిండికి దిగిందా అని చూశాకే మా లెక్కలో వేడుక అయిపోయినట్టు.

దీపాలారాక మా అబ్బాయి ఒక పాత నోటుపుస్తకం తీస్తాడు. అందులో ఏటా ఒక్క వరస: తేదీ, బరువు, ముక్కు నుంచి తోక చివరిదాకా పొడవు, ట్యూబు మార్చిన గంట, కేకులో ముందు ఏది తిన్నది. నాలుగు వరసలు నిండాయి. నాలుగింటిలోనూ ముందు తిన్నది మందారమే. పోయినేడు వాడు స్కేలు పెట్టి కింద ఇంకో పదిహేను గీతలు గీశాడు, ఒక్కో గీత పక్కన సంవత్సరం రాశాడు. ఏడో గీత దగ్గరికి వచ్చేసరికి వాడు కాలేజీకి, బహుశా వేరే ఊరికి వెళ్ళే వయసు. పెన్సిలు అక్కడ ఆగింది. ఆ గీత పక్కన కాసేపు ఆలోచించి రాశాడు: "ట్యూబు అమ్మ మార్చాలి." నేను దాని కింద సంతకం పెట్టాను.